స్కాన్ కంటే ముందు తేదీ అడగండి: పీసీఓఎస్‌పై మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. జిల్లాల్లో ఆడవాళ్ళ ఓపీ చూసే డాక్టర్లం, స్టాఫ్ నర్సులం, ఏఎన్‌ఎంలం, విలేజ్ క్లినిక్‌లలో పనిచేసే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది (ఎంఎల్‌హెచ్‌పీలం) కలిసి ఈ ఉత్తరం రాస్తున్నాం. పీసీఓడీ అనండి, పీసీఓఎస్ అనండి, మన దగ్గర రెండూ ఒకే సమస్యకు వాడుతున్న పేర్లు: నెలసరి వరస తప్పించి, వెంట్రుకలు, మొటిమలు పెంచే హార్మోన్ల సమస్య. ఊళ్ళలో దీన్నే ‘నీటి బుడగలు’ అంటారు. మేం అడుగుతున్నది ఒకటే. ఈ జబ్బును గుర్తించే పని స్కానింగ్ సెంటర్ దగ్గర కాదు, విలేజ్ క్లినిక్ దగ్గర మొదలయ్యేలా చూడండి. దానికి కావలసిన సామాను చాలావరకు ఆ క్లినిక్‌లలో ఇప్పటికే ఉంది. లేనిది అడగాల్సిన ప్రశ్నలు, రాసుకోవాల్సిన గళ్ళు.

ఇప్పుడు జరుగుతున్నది ఇలా ఉంటుంది. ఇంటర్ చదివే పదహారేళ్ళ పిల్లకు రెండు నెలలు నెలసరి రాలేదు. తల్లి కంగారుపడి టౌనుకు తీసుకెళ్ళి నేరుగా స్కానింగ్ చేయిస్తుంది. రిపోర్టులో కుడి అండాశయం 3.5 × 2.2 × 2.0 సెంటీమీటర్లు, ఎడమది కాస్త అటూ ఇటుగా అంతే. కింద తీర్పు: ‘రెండు అండాశయాలూ ఉబ్బి ఉన్నాయి, పీసీఓడీ మార్పులు కనిపిస్తున్నాయి.’ ఆ కొలతల్నే తీసుకుని లెక్క కట్టి చూడండి. పొడవు, వెడల్పు, మందం గుణించి 0.523తో హెచ్చవేస్తే అండాశయం పరిమాణం వస్తుంది. ఇక్కడ వచ్చేది 8 మిల్లీలీటర్లు. పెద్దవాళ్ళలోనైనా 10 మిల్లీలీటర్లు దాటితేనే అది లక్షణం కిందకు వస్తుంది. పైగా పదహారేళ్ళ వయసులో అండాశయం నిండా అండాలు ఎదిగే చిన్న చిన్న గుళికలు ఉండటం ఎదుగుదలలో భాగమే. అందుకే 2018లోనూ, మళ్ళీ 2023లోనూ వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒక మాట స్పష్టంగా చెప్పాయి: పెద్దమనిషై 8 ఏళ్ళు నిండని అమ్మాయికి పీసీఓఎస్ ఉందని తేల్చడానికి స్కానింగ్‌ను వాడకూడదు. గుళికలు ఎన్ని ఉన్నాయో అంచనా కట్టే ఏఎంహెచ్ రక్తపరీక్ష కూడా పెద్దవాళ్ళకే, ఆ వయసు పిల్లలకు కాదు.

కానీ ఆ రిపోర్టు ఇంటికి చేరాక దాన్ని వెనక్కి తీసుకోవడం ఎవరి తరమూ కాదు. ‘పిల్లలు పుట్టరేమో’ అన్న భయం ఆ ఇంట్లో కూర్చుంటుంది. ‘పెళ్ళి చేసేస్తే అదే సర్దుకుంటుంది’ అని చుట్టాలు చెబుతారు. పెళ్ళికీ హార్మోన్లకూ ఏ సంబంధమూ లేదు. చదువు మాత్రం మధ్యలో ఆగిపోతుంది.

ముందు ‘బుడగలు’ అన్న మాట సంగతి చూడాలి, ఎందుకంటే భయం మొత్తం ఆ మాటలోనే ఉంది. 1935లో చికాగోలో స్టీన్, లెవెంతాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలను పరీక్షించి ఈ పరిస్థితిని వర్ణించారు. తిత్తుల అండాశయం అన్న పేరు అలా స్థిరపడిపోయింది. అవి గడ్డలు కావు, పగిలేవి కావు, సూదితో గుచ్చి తీసేవి అసలే కావు. ప్రతి నెలా కొన్ని గుళికలు ఎదగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి 2 సెంటీమీటర్ల దాకా పెరిగి అండాన్ని వదలాలి. పీసీఓఎస్‌లో ఆ ఎదుగుదల మధ్యలోనే ఆగిపోతుంది. 2 నుంచి 9 మిల్లీమీటర్ల దగ్గర నిలిచిపోయిన ఆ గుళికలే స్కానింగ్‌లో నల్లటి చుక్కల్లా కనిపిస్తాయి. పొలంలో మొక్కలు మొలిచి కంకి వేయకుండా ఆగిపోతే లోపం గింజలో ఉందనుకోం కదా, నీళ్ళ సంగతి, ఎరువు సంగతి చూస్తాం. ఇక్కడా అంతే.

చాలామందిలో లోపం ఇన్సులిన్ దగ్గర ఉంటుంది. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినవు, కాబట్టి ఒళ్ళు ఇంకా ఎక్కువ ఇన్సులిన్‌ను తయారుచేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాన్ని రెచ్చగొట్టి పురుష హార్మోన్లను పెంచుతుంది. మరోవైపు, ఆ హార్మోన్లను కట్టిపెట్టి ఉంచే ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను కాలేయం తక్కువగా చేస్తుంది. దాంతో రక్తంలో విడిగా తిరిగే టెస్టోస్టెరాన్ పెరిగి గడ్డం మీద వెంట్రుకలు, దవడల మీద మొటిమలు, నడినెత్తిన జుట్టు పలచబడటం కనిపిస్తాయి. గుళికలు ఎదగక అండం విడుదల కాదు. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ తయారు కాదు, అది లేక నెలసరి వరస తప్పుతుంది. లావుగా ఉన్నవాళ్ళకే వస్తుందనుకోవడం పొరపాటు. సన్నగా ఉన్న అమ్మాయిల్లోనూ ఈ వరసంతా జరుగుతుంది. ‘నీకేంటి, సన్నగానే ఉన్నావు కదా’ అనే మాటతో వాళ్ళను ఓపీ నుంచి తిప్పి పంపడం మేం తరచూ చూస్తున్నాం.

మన రాష్ట్రానికి ఇది కొత్త సంగతేమీ కాదు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ళ వయసున్న 460 మంది అమ్మాయిలను పరీక్షించిన అధ్యయనం 2011లో అచ్చయింది. అందులో నూటికి 9 మందికి పైగా పీసీఓఎస్ కనిపించింది. దేశంలోని వేర్వేరు ప్రాంతాల్లో 18–40 ఏళ్ళ స్త్రీలు దాదాపు 9,800 మందిని చూసిన పెద్ద అధ్యయనం 2024లో వచ్చింది. పాత, గట్టి కొలమానంతో లెక్కిస్తే 7.2 శాతం, స్కానింగ్ రూపాన్ని కూడా కలుపుకునే రోటర్‌డామ్ కొలమానంతో లెక్కిస్తే 19.6 శాతం. ఆడవాళ్ళు వాళ్ళే, కొలబద్ద మారేసరికి సంఖ్య రెండున్నర రెట్లు దాటింది. ఏ కొలబద్ద ఎవరి చేతిలో ఉండాలో ప్రభుత్వమే తేల్చి చెప్పాలనడానికి ఇంతకంటే కారణం ఏం కావాలి?

రోటర్‌డామ్ కొలమానం అంటే 2003లో నిపుణులు కుదుర్చుకున్నది. మూడింటిలో రెండు ఉండాలి: నెలసరి వరస తప్పడం, పురుష హార్మోన్లు పెరిగిన గుర్తులు, స్కానింగ్‌లో అండాశయాల ఆ రూపం. మొదటి రెండూ ఉంటే మూడోదాని అవసరమే లేదు. అంటే చాలామంది విషయంలో స్కానింగ్ ఖర్చు పెట్టకుండానే జబ్బు తేలిపోతుంది. పెద్దమనిషైన కొద్ది ఏళ్ళకే వచ్చే పిల్లల్లో ఆ మొదటి రెండూ తప్పనిసరిగా ఉండాలి. ఒక్కటే ఉంటే పేరు పెట్టకూడదు. ‘అవకాశం ఉంది, కనిపెట్టి చూద్దాం’ అని రాసి ఆ ఒక్క లక్షణానికి మందిచ్చి, కొన్నేళ్ళ తర్వాత మళ్ళీ చూడాలి.

కాబట్టి అన్నిటికంటే విలువైన పరికరం నెలసరి తేదీల కార్డు. పన్నెండు గళ్ళు, ప్రతి గడిలో రక్తం మొదలైన తేదీ, ఎన్ని రోజులు కనిపించింది, అంతే. ఆ కార్డును ఎలా చదవాలో కూడా వెనకవైపే అచ్చు వేయించవచ్చు. పెద్దమనిషైన మొదటి ఏడాది వరస లేకపోవడం మామూలే, భయపడక్కర్లేదు. ఏడాది దాటాక మూడేళ్ళ దాకా 21 రోజుల కంటే ముందే వస్తున్నా, 45 రోజులు దాటుతున్నా చూపించుకోవాలి. మూడేళ్ళు దాటాక ఆ హద్దు 35 రోజులు, లేదా ఏడాదికి 8 కంటే తక్కువసార్లు రావడం. మొదటి ఏడాది దాటిన తర్వాత ఎప్పుడైనా సరే ఒక్కసారైనా 90 రోజులు దాటితే చూపించుకోవాలి. 15 ఏళ్ళు నిండినా పెద్దమనిషి కాకపోతే ఆ పిల్లను డాక్టర్ దగ్గరకు పంపాలి.

కార్డును పాడుచేసేది ఒకటుంది. పూజలకు, పెళ్ళిళ్ళకు, తిరుపతి ప్రయాణాలకు నెలసరి వాయిదా వేసుకోవడానికి మందుల షాపులో చీటీ లేకుండా కొనే నోరెథిస్టెరోన్ మాత్రలు. వాడిన నెల తేదీని నెలసరి వరసగా లెక్కించకూడదు. తేదీ పక్కన ‘మా’ అని ఒక గుర్తు పెట్టమని చెబితే చాలు. ఈ చిన్న గుర్తు లేకే చాలా కార్డులు తప్పుడు కథ చెబుతాయి.

రెండో గుర్తు పురుష హార్మోన్లది. ఇది చూస్తే కనపడదు, అడిగితేనే తెలుస్తుంది. అమ్మాయిలు ఓపీకి వచ్చే ముందురోజే త్రెడింగ్ చేయించుకుని వస్తారు. అందుకే ‘గడ్డం, పై పెదవి, ఛాతీ, బొడ్డు కింద వెంట్రుకలు తీయించుకుంటున్నావా, ఎన్నాళ్ళకోసారి?’ అని నర్సు విడిగా, తలుపు వేసి అడగాలి. ఒంటి మీద తొమ్మిది చోట్ల ఒక్కోదానికి 0 నుంచి 4 దాకా మార్కులు వేసే పద్ధతి ఉంది. జాతిని బట్టి మొత్తం 4 నుంచి 6 దాటితే ఎక్కువ కిందే లెక్క. ఇక్కడ మన ప్రాంతంలో జాగ్రత్తగా అడగాల్సిన ప్రశ్న మరొకటి: ముఖానికి ఏ క్రీము రాస్తున్నావు? తెల్లబడటానికని అమ్మే కొన్ని క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే దానివల్లే ముఖాన నూగు పెరుగుతుంది, మొటిమలు వస్తాయి. క్రీము మానాల్సిన చోట పీసీఓఎస్ మందులు మొదలుపెడితే ఆ పిల్లకు రెండు నష్టాలు. మూర్ఛకు వాల్‌ప్రోయేట్ వాడుతున్న అమ్మాయిల్లో కూడా ఇవే లక్షణాలు రావచ్చు, అప్పుడు మందు మార్చే విషయం మూర్ఛ చూసే డాక్టరుతో మాట్లాడాలి, సొంతంగా ఆపకూడదు.

మెడ చూడాలి. కొందరికి వెనక మెడ మీద, చంకల్లో చర్మం నల్లగా, మందంగా, చేత్తో తాకితే ముఖమల్ గుడ్డలా తగులుతుంది. ఇంట్లో దాన్ని మురికి అనుకుంటారు. శనగపిండి, నిమ్మచెక్క, చివరికి పీచుతో రుద్ది రుద్ది చర్మం ఎర్రగా కందిపోయిన పిల్లలు ఎంతమందో. ‘సరిగా స్నానం చేయవు’ అని తిట్లు కూడా తింటారు. అది మురికి కాదు, ఇన్సులిన్ ఎక్కువైందని ఒళ్ళు బయటపెడుతున్న సంకేతం. ఎంత రుద్దినా పోదు, లోపల ఇన్సులిన్ తగ్గితే నెమ్మదిగా పలచబడుతుంది. ఈ ఒక్క సంగతి ప్రతి హైస్కూల్లో సైన్సు టీచరుకి చెప్పినా మేలే.

ఆ తర్వాత కొలతలు. బరువు తూచే ముందు అడిగి తూచాలి, అందరి ముందు అంకె పైకి చదవకూడదు. మనవాళ్ళకు బీఎంఐ (ఎత్తును బట్టి చూసే బరువు లెక్క) 23 దాటితే ఎక్కువ బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము కొలత చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక తీయాలి. ఆడవాళ్ళకు హద్దు 80 సెంటీమీటర్లు. చీర కుచ్చిళ్ళ మీదుగా టేపు చుట్టి కొలిస్తే ఆ అంకె దేనికీ పనికిరాదు. బీపీ తప్పకుండా చూడాలి.

షుగర్ పరీక్ష గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో పరగడుపు షుగర్ చాలాసార్లు బాగానే ఉంటుంది, భోజనం తర్వాతి షుగరే దారి తప్పుతుంది. పరగడుపు ఒక్కటే చూసి ‘షుగర్ లేదు’ అంటే జబ్బు ఉన్నవాళ్ళను వదిలేసినట్లే. 8 గంటలు ఏమీ తినకుండా వచ్చాక మొదటి నమూనా తీసి, 75 గ్రాముల గ్లూకోజ్‌ను 300 మిల్లీలీటర్ల నీళ్ళలో కలిపి 5 నిమిషాల్లో తాగించి, సరిగ్గా 2 గంటలకు రెండో నమూనా తీయాలి. రెండోది 140 దాటితే ముందస్తు మధుమేహం, 200 దాటితే మధుమేహం. ఆ రెండు గంటలూ కూర్చోవాలి, బజారు పని చూసుకుని వస్తామంటే కుదరదు. ప్యాకెట్ మీద గ్లూకోజ్ మోనోహైడ్రేట్ అని ఉంటే 82.5 గ్రాములు తూచాలి, లేకపోతే తక్కువ తాగించినట్టవుతుంది. గర్భిణులకు వాడే గ్లూకోజ్ పొడే ఇది. పీసీఓఎస్ తేలిన ప్రతి ఒక్కరికీ మొదట ఒకసారి, తర్వాత ప్రమాదాన్ని బట్టి ఏడాదికో, మూడేళ్ళకో ఈ పరీక్ష జరగాలి.

ఇక్కడే మీ శాఖలో ఒక పెద్ద ఖాళీ ఉంది. జాతీయ కార్యక్రమం ప్రకారం జీవనశైలి జబ్బుల స్క్రీనింగ్ రిజిస్టర్ 30 ఏళ్ళ దగ్గర మొదలవుతుంది. పీసీఓఎస్ 15 ఏళ్ళ దగ్గర మొదలవుతుంది. మధ్యలోని పదిహేనేళ్ళూ ఈ అమ్మాయి ఆ రిజిస్టర్‌లో ఉండదు. గర్భం వస్తేనే ఆమె పేరు గర్భిణుల రిజిస్టర్‌కు ఎక్కుతుంది. ముప్పై దాటాక ఇంటికి వచ్చి షుగర్ చూసే నాటికి ఆమెకు మధుమేహం వచ్చి కూర్చుని ఉండవచ్చు. వయసు నిబంధన మొత్తం మార్చమని అడగడం లేదు. ‘పీసీఓఎస్ తేలిన స్త్రీ, వయసుతో నిమిత్తం లేకుండా’ అని ఒక్క వాక్యం చేర్చండి. ఆమె పేరు రిజిస్టర్‌లోకి వస్తే మందుల ఇండెంట్‌లో కూడా లెక్కకు వస్తుంది. ఈ జబ్బులోనూ పనికొచ్చే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ ఇప్పుడు షుగర్ పేషెంట్ల సంఖ్యను బట్టే వస్తుంది కాబట్టి పీసీఓఎస్ అమ్మాయికి ఇస్తే నెలాఖరున తాతయ్యకు మాత్రలు చాలవు.

రక్తపరీక్షల విషయంలో పొదుపు పాటించవచ్చు. మొదట మూత్రంతో గర్భ పరీక్ష. పెళ్ళి కాలేదు కదా అని దీన్ని దాటవేయకూడదు, గౌరవంగా, విడిగా అడిగి చేయాలి. తర్వాత థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, పాల హార్మోన్ ప్రొలాక్టిన్, వీలైతే ఉదయం పూట అడ్రినల్ గ్రంథి లోపం కోసం 17 హైడ్రాక్సీ ప్రొజెస్టెరాన్. ఇవన్నీ పీసీఓఎస్‌లా కనపడే వేరే జబ్బులను తోసిపుచ్చడానికి. టెస్టోస్టెరాన్ చూడాలంటే గర్భనిరోధక మాత్రలు ఆపి 3 నెలలు గడవాలి, లేదంటే ఫలితం తప్పు చూపుతుంది. కొన్ని నెలల్లోనే గొంతు మగగొంతులా మారి, వెంట్రుకలు ఒక్కసారిగా పెరిగితే అది పీసీఓఎస్ కాకపోవచ్చు, గడ్డ ఉందేమోనని వెంటనే పెద్దాసుపత్రికి పంపాలి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ నిష్పత్తి, ఇన్సులిన్ స్థాయి లాంటివి ప్యాకేజీల పేరుతో అమ్ముతున్నారు. జబ్బు తేల్చడానికి అవి అక్కర్లేదు.

వైద్యం దగ్గరకు వద్దాం. ఆశా కార్యకర్త సంచిలో క్రమం తప్పకుండా వేసుకునే గర్భనిరోధక మాత్రలు రెండు రకాలు ఉంటాయి, మాలా ఎన్, ఛాయ. ఈ రెంటికీ తేడా తెలియడం ఎంత ముఖ్యమో చెప్పడానికి ఈ ఉత్తరంలో ఇంకేమీ రాయకపోయినా ఫర్వాలేదనిపిస్తుంది మాకు. మాలా ఎన్ ప్యాకెట్‌లో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు. ఒక్కో హార్మోన్ మాత్రలో 0.03 మిల్లీగ్రాముల ఎథినైల్ ఈస్ట్రడయాల్, 0.15 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్. పీసీఓఎస్‌లో నెలసరి వరసలో పెట్టడానికి, వెంట్రుకలు, మొటిమలు తగ్గించడానికి వాడే మాత్రల కోవలోనిదే ఇది. ఒక రకం మరోదాని కంటే గొప్పదని తేలలేదని, ఈస్ట్రోజెన్ మోతాదు తక్కువగా ఉన్నవాటినే వాడమని 2023 మార్గదర్శకాలు చెబుతున్నాయి. సైప్రోటెరోన్ కలిసిన 35 మైక్రోగ్రాముల మాత్రలు రక్తం గడ్డకట్టే ప్రమాదం వల్ల మొదటి వరసలో వాడాల్సినవి కావని కూడా చెబుతున్నాయి. మన ఊళ్ళలో మాత్రం ఉచితంగా దొరికేది సంచిలోనే ఉండిపోతుంది, చీటీ మీద ఖరీదైనది రాస్తారు. రెండు నెలలు కొని మూడో నెల డబ్బుల్లేక మానేస్తారు.

ఛాయ సంగతి వేరు. సెంట్‌క్రోమాన్ అనే ఆ మందు చాలామందికి మంచిదే, హార్మోన్ కాదు. కానీ అది నెలసరిని ఇంకా ఆలస్యం చేస్తుంది. పీసీఓడీ ఉన్నవాళ్ళకు ఇవ్వకూడదని దాని నియమాల్లోనే ఉంది. ‘నెల సరిగా రావడం లేదు’ అన్న అమ్మాయి చేతిలో పొరపాటున ఛాయ పెడితే రెండు నెలలు రానిది నాలుగు నెలలు రాదు. ఆశా కార్యకర్తలకిచ్చే పటంలో ఛాయ బొమ్మ పక్కనే ‘నెలసరి 35 రోజులు దాటేవాళ్ళకు వద్దు, డాక్టరుకు చూపించండి’ అని తెలుగులో ఒక్క ముక్క అచ్చు వేయించండి.

మాలా ఎన్ కూడా అడిగినవాళ్ళందరికీ ఇచ్చేది కాదు. బీపీ 140/90 దాటినా, కళ్ళ ముందు మెరుపులు కనిపించి వచ్చే ఒంటితల నొప్పి ఉన్నా, కాళ్ళలో గానీ ఊపిరితిత్తుల్లో గానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, బిడ్డ పుట్టి 6 నెలలు కాని పాలిచ్చే తల్లి అయినా ఇవ్వకూడదు. మొదలుపెట్టాక 3 నెలలకు బీపీ మళ్ళీ చూడాలి. వెంట్రుకల మీద ప్రభావం కనపడటానికి కనీసం 6 నెలలు పడుతుంది. ఉన్న వెంట్రుకలు రాలిపోవు, కొత్తవి సన్నబడతాయి. ఈ మాట ముందే చెప్పకపోతే రెండో నెలకే మానేస్తారు.

గర్భనిరోధక మాత్రలు వద్దనుకునే అమ్మాయి ఏం చేయాలి? 90 రోజులు దాటకుండా చూసుకోవాలి. అండం విడుదల కాని నెలల్లో గర్భసంచి లోపలి పొర ఈస్ట్రోజెన్‌తో పెరుగుతూనే ఉంటుంది, రాల్చే ప్రొజెస్టెరాన్ ఉండదు. అలా మందమై ఒకరోజు వరదలా పోతుంది, రక్తహీనత వస్తుంది. ఏళ్ళ తరబడి వదిలేస్తే ఆ పొరలో చెడు మార్పులు రావచ్చు. కాన్సర్ దాకా వెళ్ళడం అరుదే, కానీ ఇతరులకంటే వీళ్ళకు ప్రమాదం ఎక్కువ. గర్భం లేదని తేల్చుకున్నాక మెడ్రాక్సీ ప్రొజెస్టెరోన్ 10 మిల్లీగ్రాముల మాత్ర రోజుకొకటి 10 రోజులు ఇస్తే, ఆపిన వారం లోపు నెలసరి వస్తుంది. రాకపోతే డాక్టర్ మళ్ళీ ఆలోచించాలి. పది మాత్రల పని ఇది. 104 వాహనంతో పీహెచ్‌సీ డాక్టర్ ఊరికి వచ్చే రోజున కార్డు చూసి అక్కడికక్కడే ఇవ్వవచ్చు, మందు బండిలో ఉంటే.

మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా బీఎంఐ 25 దాటినవాళ్ళకు, ముందస్తు మధుమేహం ఉన్నవాళ్ళకు. 500 మిల్లీగ్రాములతో, భోజనం మధ్యలో మొదలుపెట్టి వారం పది రోజులకో 500 పెంచుతూ వెళ్ళాలి. మొదటి రోజే రెండు పూటలా ఇస్తే విరేచనాలు పట్టుకుని మళ్ళీ ఆ మాత్ర ముఖం చూడరు. చాలాకాలం వాడేవాళ్ళకు బి12 తగ్గవచ్చు.

తిండి, వ్యాయామం గురించి ఉపన్యాసాలు చాలానే ఉన్నాయి, కొలతలే లేవు. 70 కిలోల మనిషి 3.5 కిలోలు తగ్గినా చాలామందిలో మేలు మొదలవుతుంది, 20 కిలోలు తగ్గించే ప్యాకేజీ అక్కర్లేదు. ఫలానా ఆహారమే గొప్పదని ఏ పరిశోధనా తేల్చలేదు. మన కంచంలో చేయగలిగింది, సగం కూరలు, పావు వంతు పప్పో గుడ్డో చేపో, పావు వంతు అన్నం. రాగి సంగటి అయినా ముద్ద పరిమాణం చూడాల్సిందే, రాగుల్లోనూ పిండిపదార్థమే ఉంది. పెద్దవాళ్ళకు వారానికి 150 నిమిషాల వేగపు నడక, రెండు రోజులు కండరాలకు పని. పిల్లలకు రోజుకు 60 నిమిషాలు. బరువు తగ్గి వస్తేనే వైద్యం చేస్తామనడం మాత్రం తప్పు, ఆ మాట విన్న అమ్మాయి మళ్ళీ రాదు.

రోజుకు 60 నిమిషాలు అన్నప్పుడు ఇంటర్ హాస్టళ్ళు గుర్తుకొస్తాయి. తెల్లవారక ముందే స్టడీ అవర్, రాత్రి పది దాకా స్టడీ అవర్, మూడు పూటలా తెల్లన్నం, ఇడ్లీ, ఉప్మా, ఆట స్థలం లేని అపార్ట్‌మెంట్ భవనం. 2011 నాటి అధ్యయనం ఒక రెసిడెన్షియల్ కాలేజీలోనే జరిగిందని మరిచిపోకూడదు. విద్యాశాఖతో మాట్లాడి గురుకులాలు, కస్తూర్బా విద్యాలయాలు, ప్రైవేటు జూనియర్ కాలేజీలన్నిటిలో సాయంత్రం ఒక గంట ఒంటికి పని ఉండేలా, సిక్ రూమ్‌లో నెలసరి కార్డులు ఉండేలా ఆదేశం ఇప్పించండి. నిద్ర కూడా లెక్కే.

పిల్లలు పుట్టకపోవడం గురించి. పీసీఓఎస్ ఉన్నవాళ్ళలో ఎక్కువమంది తల్లులవుతారు. కొందరికి ఏ మందూ అక్కర్లేదు. అందుకే పిల్లలు వద్దనుకునేవాళ్ళు గర్భనిరోధకం వాడాలని కూడా చెప్పాలి. అండం విడుదలకు మొదటి మందు లెట్రోజోల్, నెలసరి మూడో రోజు నుంచి ఏడో రోజు దాకా రోజుకు 2.5 మిల్లీగ్రాములతో మొదలుపెడతారు. 2014లో అచ్చయిన 750 మంది మీద పరిశోధనలో లెట్రోజోల్ వాడినవాళ్ళలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫెన్ వాడినవాళ్ళలో 19.1 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మన దేశంలో ఈ పనికి లెట్రోజోల్‌ను 2011లో నిషేధించి 2017లో ఎత్తేశారు. ఆ నిషేధం నాటి భయం కొన్ని ప్రభుత్వ ఫార్మసీల్లో ఇంకా ఉంది. ఏరియా ఆసుపత్రిలో ఈ మాత్రలు, భర్తకు వీర్య పరీక్ష, గుళిక ఎదుగుదల చూసే స్కానింగ్, ఈ మూడూ దొరికితే చాలా జంటలు సంతాన సాఫల్య కేంద్రాల్లో లక్షల ఐవీఎఫ్ దాకా వెళ్ళనవసరం లేదు. స్కానింగ్‌కు అసలు చోటు ఇదీ. గర్భం వచ్చాక మాత్రం వీళ్ళకు షుగర్, బీపీ ప్రమాదం ఎక్కువ కాబట్టి తల్లీబిడ్డ కార్డు మీద ‘పీసీఓఎస్’ అని రాసి తొలి నెలల్లోనే గ్లూకోజ్ పరీక్ష చేయాలి.

మనసు రాకపోయినా చెప్పకుండా దాటలేని విషయం, గర్భసంచి తీసేయడం. 2015–16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ఇందులో పీసీఓఎస్ వాటా ఎంతో ఎవరూ లెక్క రాయలేదు. కానీ ‘నీటి బుడగలున్నాయి, కాన్సర్ అవుతుంది, పిల్లలు పుట్టేశారు కదా’ అన్న వాక్యం మా ఓపీలకు వచ్చే ఆడవాళ్ళ నోట వింటూనే ఉన్నాం. గర్భసంచి తీస్తే రక్తం కనపడటం ఆగుతుంది, అంతే. అండాశయాలుంటాయి, ఇన్సులిన్ లోపం ఉంటుంది, షుగర్, బీపీ దారిలో ఉంటాయి. నెలసరి అనే హెచ్చరిక గంట మాత్రం పోతుంది. అనవసర గర్భసంచి ఆపరేషన్లను ఆపే మార్గదర్శకాలను కేంద్రం 2022లో ఇచ్చింది, వాటిని 3 నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. మా విన్నపం: 40 ఏళ్ళ లోపు స్త్రీకి ఈ ఆపరేషన్ చేసిన ప్రతి ఆసుపత్రీ కారణంతో పాటు ‘అంతకుముందు ఏ మందులు, ఎన్ని నెలలు వాడారు’ అన్న గడి నింపాలి. ఖాళీగా వదిలితే ప్రభుత్వ ఉచిత వైద్య పథకం నుంచి చెల్లింపు ఆపండి. ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ కట్టిన పథకంలో ఆపరేషన్‌కు డబ్బుంది, 10 మాత్రలకూ గ్లూకోజ్ పరీక్షకూ లేదు. ఈ తేడా సరిదిద్దడం మీ చేతిలోనే ఉంది.

దిగులు, ఆందోళన ఈ జబ్బుతో పాటే వస్తాయి. గడ్డం మీద వెంట్రుకలతో కాలేజీకి వెళ్ళే అమ్మాయికి అది చిన్న విషయం కాదు. కార్డు చూసే ప్రతిసారీ ‘గత రెండు వారాల్లో ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, మనసు కుంగిపోవడం ఉందా?’ అని అడగాలి. ఉంటే టెలీ మానస్ 14416 నంబరు చూపించాలి, తెలుగులో మాట్లాడతారు.

స్కానింగ్ సెంటర్లకు కూడా ఒక ఉత్తర్వు కావాలి. 20 ఏళ్ళలోపు అమ్మాయి రిపోర్టులో ‘పీసీఓడీ’ అని తీర్పు రాయకుండా, అండాశయం పరిమాణం మిల్లీలీటర్లలో, గుళికల సంఖ్య మాత్రమే రాయాలి. జబ్బు పేరు పెట్టడం పరీక్షించిన డాక్టర్ పని.

ఒక్క మండలంలో మొదలుపెట్టి చూడండి. హైస్కూలు, జూనియర్ కాలేజీ అమ్మాయిలకు కార్డులు, ఏఎన్‌ఎంలకూ ఆశా కార్యకర్తలకూ ఒక పూట శిక్షణ, 104 బండిలో మెడ్రాక్సీ ప్రొజెస్టెరోన్, పీహెచ్‌సీలో గ్లూకోజ్ ప్యాకెట్లు. ఆరు నెలల తర్వాత ఎంతమందికి 90 రోజులు దాటాయి, ఎంతమందికి షుగర్ హద్దు దాటింది అన్న రెండు అంకెలు మీ బల్ల మీదకు వస్తాయి. కార్డు నమూనా, శిక్షణ పాఠం తెలుగులో తయారుచేసి ఇవ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం. ఏ మండలమో మీరు చెప్పండి, అక్కడికి వస్తాం.

గౌరవంతో,
స్త్రీల వైద్యంలో పనిచేస్తున్న డాక్టర్లు, నర్సులు, ఏఎన్‌ఎంలు, ఎంఎల్‌హెచ్‌పీలు